సిటీలో హాలోవీన్ క్యాండీ పంచడం: కొనడం దగ్గర్నుంచి లైటు ఆర్పేదాకా

హాలోవీన్ అంటే అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని, "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటూ ఇంటింటికీ తిరిగి క్యాండీ తీసుకునే పండగ. జెర్సీ సిటీ, ఫిలడెల్ఫియా, చికాగో లాంటి చోట్ల అపార్ట్‌మెంట్ నుంచి రో హౌస్‌కో రెండంతస్తుల ఇంటికో మారిన మనవాళ్ళు అక్టోబరు రాగానే అడిగేవి దాదాపు ఇవే: ఎన్ని చాక్లెట్లు కొనాలి, ఎన్నింటికి తలుపు తీయాలి, మధ్యలో అయిపోతే ఎలా, ఏ పిల్లాడికో పడనిది ఇచ్చేస్తామేమో అని టెన్షన్. సబర్బ్‌లో ఉండే స్నేహితులు చెప్పే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. సిటీలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఒక్క బ్లాకులోనే బోలెడన్ని గుమ్మాలు, మీ వీధి పిల్లలే కాకుండా చుట్టుపక్కల పెద్ద బిల్డింగుల పిల్లలు కూడా మెట్లున్న వీధి వెతుక్కుని వస్తారు. గుంపులు గుంపులుగా వస్తారు, ఆగకుండా వస్తారు.

అందుకే అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో కూర్చుని బెల్లు కోసం ఎదురుచూడకండి, మెట్లు దిగి కిందికి వచ్చి కూర్చోండి. నిటారుగా ఉండే మెట్ల మీద ముసుగు వేసుకున్న నాలుగేళ్ళ పిల్ల చీకట్లో ఎక్కి దిగడం తప్పుతుంది, స్ట్రోలర్‌తో వచ్చిన తల్లికి ఇబ్బంది ఉండదు, వీల్‌చెయిర్‌లో వచ్చిన పిల్లాడు కూడా అందరిలాగే చెయ్యి చాపి తీసుకుంటాడు. మిగతా ఏర్పాట్లన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

1. కొనకముందు మీ వీధి సంగతి కనుక్కోండి

అక్టోబరు రెండో వారంలోనే పక్కింటివాళ్ళని అడగండి. రెండే ప్రశ్నలు: పోయినేడు సుమారుగా ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగింది. ఇంతకంటే నమ్మదగిన లెక్క ఎక్కడా దొరకదు, ఎందుకంటే ఒక బ్లాకుకు వందలమంది వస్తే, రెండు మలుపుల అవతలి బ్లాకుకు పదిమంది కూడా రాకపోవచ్చు. పలకరింపుగా కూడా ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళయితే మరీ మంచిది.

తర్వాత మీ నగరం వెబ్‌సైట్ చూడండి. చాలా ఊళ్ళు ట్రిక్ ఆర్ ట్రీట్ వేళలు ప్రకటిస్తాయి. ఒహాయోలో కొన్నిచోట్ల బెగ్గర్స్ నైట్ అని పేరు పెట్టి 31న కాకుండా వేరే రోజు జరుపుకుంటారు కూడా. న్యూయార్క్ నగరం 2022లో ట్రిక్ ఆర్ స్ట్రీట్స్ పేరుతో ఆ రోజు కొన్ని వీధుల్లో బళ్ళు ఆపేయడం మొదలుపెట్టింది. మీ వీధిని అలా మూసేస్తుంటే మామూలు కంటే చాలా ఎక్కువమంది వస్తారని అర్థం.

ఏ వారం అన్నదీ చూసుకోండి. శనివారం పడితే (2026లో అంతే) పిల్లలు తొందరగా మొదలుపెట్టి బాగా పొద్దుపోయేదాకా తిరుగుతారు. మర్నాడు బడి ఉంటే ఎనిమిదిన్నరకల్లా వీధి ఖాళీ.

2. ఎంత కొనాలి

పక్కింటివాళ్ళు చెప్పిన అంకె తీసుకోండి. పెద్ద గుంపులు వచ్చే వీధి అయితే పిల్లాడికి ఒకటి, తక్కువమంది వచ్చే వీధి అయితే రెండు. ఆ వచ్చిన మొత్తానికి ఐదో వంతు కలపండి. 150 మంది వస్తారనుకుంటే మనిషికొకటి చొప్పున 150, పైన 30, మొత్తం 180.

ఫుల్ సైజు బార్లు ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. సిటీలో వద్దనే నా అభిప్రాయం. మొదటి అరగంటలో వచ్చినవాళ్ళకి పెద్ద బార్ ఇచ్చి, ఏడింటికి వచ్చినవాళ్ళకి ఖాళీ గిన్నె చూపించడం కంటే చివరి పిల్లదాకా ఒక ఫన్ సైజు (చిన్న ముక్క) చాక్లెట్ అందడం మేలు. పదో ఇరవయ్యో మంది మాత్రమే వచ్చే వీధి అయితే మాత్రం హాయిగా పెద్దవే ఇవ్వండి, పిల్లలు ఏడాదంతా మీ ఇల్లు గుర్తుపెట్టుకుంటారు.

కాస్ట్‌కో, సామ్స్ క్లబ్, టార్గెట్, వాల్‌మార్ట్‌లలో పెద్ద కలగలుపు సంచులు సెప్టెంబరు నుంచే ఉంటాయి. చివరి రెండు రోజులకి వదిలేస్తే మంచివి అయిపోయి, ఎవరూ తినని రకాలు మిగులుతాయి. కొన్నవి కారు డిక్కీలో ఉంచకండి. టెక్సస్, ఫ్లోరిడా, దక్షిణ కాలిఫోర్నియాలో అక్టోబరు ఎండకి కూడా చాక్లెట్ కరిగిపోతుంది.

3. ఏం కొనాలి, ఏం కొనకూడదు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

మొదటిది, ఇంట్లో చేసినవి వద్దు. బొబ్బట్లయినా, సున్నుండలయినా, ఎంత ప్రేమగా చేసినా సరే. తెలియని ఇంటి నుంచి వచ్చినదాంట్లో ఫ్యాక్టరీ సీలు లేనిదేదైనా ఉంటే తల్లిదండ్రులు ఇంటికి వెళ్ళగానే చెత్తబుట్టలో పడేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు, బళ్ళూ డాక్టర్లూ వాళ్ళకి చెప్పేది అదే. మీ సున్నుండలు తెలిసిన పక్కింటివాళ్ళకి డబ్బాలో పెట్టి, ఏమేం వేశారో చెప్పి ఇవ్వండి. ఆపిల్ పండ్లు, విడిగా పోసిన చాక్లెట్లు కూడా ఇంతే.

రెండోది, వేరుశనగ. స్నికర్స్, రీసెస్, బటర్‌ఫింగర్‌లలో వేరుశనగ ఉంటుంది. అది పడని పిల్లలకి ప్రాణం మీదకి రావచ్చు. అమెరికాలో ముఖ్యమైన అలర్జీ పదార్థాలుగా చట్టం గుర్తించినవి తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల జాతి, బాదం జీడిపప్పు లాంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు కూడా. కిట్‌క్యాట్, ట్విక్స్‌లో గోధుమ ఉంటుందన్నది చాలామందికి తట్టదు. ఇంకో చిక్కేమిటంటే, ఒకే చాక్లెట్ పెద్ద బార్‌కీ చిన్న ముక్కకీ తయారయ్యే చోటు వేరు కావచ్చు, కాబట్టి పెద్ద బార్ మీద చదివిన లేబుల్ చిన్నదానికి వర్తిస్తుందని అనుకోకండి. చిన్న ముక్కల మీద చాలాసార్లు వివరాలే ఉండవు, అందుకని పెద్ద సంచి కవరు పారేయకుండా దగ్గర పెట్టుకోండి, లేదా దాని వెనకవైపు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎవరైనా తల్లి అడిగితే వెంటనే చూపించవచ్చు.

నా సలహా రెండు గిన్నెలు. ఒకదాంట్లో మామూలు చాక్లెట్లు. రెండోదాంట్లో వేరుశనగా గింజలూ పాలూ లేని రకాలు, అంటే డమ్ డమ్స్, స్మార్టీస్ లాంటివి, లేబుల్ చూసి మరీ. పిల్లలు రెంటిలోనూ చేతులు పెట్టి కలిపేయకుండా చూసుకోండి, కలిశాక రెండో గిన్నెకి అర్థం ఉండదు.

మూడోది, తినేది కానిది కొంచెం. ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ 2014లో దేశమంతటా నడిపించిన టీల్ పంప్‌కిన్ ప్రాజెక్ట్ ఉద్దేశం ఇదే. ఇంటి ముందు నెమలిపింఛం రంగు (టీల్) గుమ్మడికాయ పెడితే ఇక్కడ తినేవి కానివి కూడా దొరుకుతాయని గుర్తు. స్టిక్కర్లు, పెన్సిళ్ళు, వెలిగే బ్రేస్‌లెట్లు, చిన్న నోటుపుస్తకాలు చాలు. అలర్జీ ఉన్న పిల్లలకే కాదు, షుగర్ ఉన్న పిల్లలకి కూడా ఇవి వరం. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ సాయంత్రం "నీకు ఇక్కడేం లేదు" అనిపించుకోని ఇల్లు ఒకటుందంటే ఆ పిల్లల మొహాలు చూడాలి.

నాలుగోది, మనకు బాగా తెలిసిన సంగతే, జెలటిన్. గమ్మీ బేర్స్, మార్ష్‌మాలోలు, అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. మీ వీధిలో శాకాహారుల పిల్లలు, ముస్లిం, యూదు కుటుంబాల పిల్లలు ఉంటే ఇవి తగ్గించండి. స్కిటిల్స్, సోర్ ప్యాచ్ కిడ్స్‌లో జెలటిన్ ఉండదు. పుల్లపుల్లగా నమిలేది కావాలంటే ఇవి తెచ్చుకోవచ్చు.

చివరగా, నాలుగేళ్ళ లోపు పిల్లలకి గట్టి క్యాండీ, చ్యూయింగ్ గమ్, గింజలున్నవి చేతికివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. వాళ్ళకి స్టిక్కర్ ఇవ్వండి, లేదా క్యాండీ వెంట ఉన్న పెద్దవాళ్ళ చేతికివ్వండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి:

- ప్రతి ముక్కకీ విడిగా సీలు ఉందా
- వేరుశనగ ఉన్నవి విడిగా పెట్టడానికి వేరే సంచి ఉందా
- గింజలూ పాలూ లేని రకం కనీసం ఒకటి ఉందా
- తినేవి కానివి ఓ ఇరవై ముప్ఫై ఉన్నాయా
- పెద్ద సంచుల వెనకవైపు ఫొటోలు తీశారా

4. ఇంటి ముందు సర్దుకోవడం

ఇది 31 మధ్యాహ్నమే అయిపోవాలి. హాలోవీన్ నాటికి గడియారాలు ఇంకా వెనక్కి జరగవు (నవంబరు మొదటి ఆదివారం జరుగుతాయి), అయినా న్యూయార్క్ చుట్టుపక్కల దాదాపు 5:50కే పొద్దు గూకుతుంది, శాన్ ఫ్రాన్సిస్కోలో 6:10 ప్రాంతంలో, డాలస్‌లో 6:35 ప్రాంతంలో. చీకటి పడ్డాక వైర్లు సర్దుకుంటూ కూర్చునే తీరిక ఉండదు.

మెట్ల మీద, గుమ్మం ముందు ఏమీ లేకుండా తీసేయండి. మన ఇళ్ళలో గుమ్మం దగ్గర చెప్పులూ షూలూ గుట్టగా ఉంటాయి, ముందు అవి లోపలికి. పూలకుండీలు, సైకిలు, అమెజాన్ డబ్బాలు, డోర్‌మ్యాట్ కూడా. తడి ఆకులు ఊడవండి, తడి మెట్ల మీద ఎండుటాకులు జారినట్టు ఇంకేదీ జారదు.

గుమ్మడికాయలో కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ లైటు పెట్టండి. పిల్లల కాస్ట్యూములు పల్చటి సింథటిక్ గుడ్డవి, కింద ఈడ్చుకుంటూ ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. లైటులో బటన్ బ్యాటరీ ఉంటే దాని మూత స్క్రూతో బిగించేది అయ్యుండాలి, ఊడిపడిన ఆ బ్యాటరీని చిన్నపిల్ల మింగితే చాలా ప్రమాదం. దీపావళి కూడా దగ్గర పడిన ఏడాది (2024లో రెండూ ఒకే రోజు వచ్చాయి) నూనె దీపాలు పిల్లలు నడిచే మెట్ల మీద కాకుండా కిటికీ లోపలో, బాల్కనీలోనో పెట్టుకోండి. ముగ్గు వేయాలనుకుంటే నడిచే దారికి పక్కగా వేయండి, లేకపోతే గంటలో చెరిగిపోతుంది.

బయటి లైటు వెయ్యండి. లైటు వెలుగుతుంటే రమ్మని, ఆర్పేసి ఉంటే వద్దని అర్థం. ఊరంతా పాటించే గుర్తు ఇదొక్కటే. మీరు కూర్చునే చోట కూడా వెలుగు ఉండాలి, మీ మొహమూ గిన్నే కనపడాలి. ఆగి ఆగి మెరిసే స్ట్రోబ్ లైట్లు వద్దు, వాటితో మూర్ఛ వచ్చే పిల్లలుంటారు. దారిలో అడ్డంగా వైరు వెళ్తే టేపు వేసి నేలకు అంటించండి.

కుక్క ఉంటే లోపలి గదిలో పెట్టి తలుపు వేయండి. ఎంత సాధువైనా సరే, ముసుగులూ అరుపులూ దానికి కొత్త.

సాయంత్రం నాలుగుకల్లా సిద్ధంగా ఉండాల్సినవి:

- మెట్ల కింద ఒక కుర్చీ, చిన్న టేబుల్
- రెండు గిన్నెలు, తినేవి కానివి వేసిన చిన్న బుట్ట
- మిగతా క్యాండీ ఇంట్లో, తలుపుకి దగ్గరలో
- టార్చి, మంచినీళ్ళు, జాకెట్
- ఫోన్ పూర్తి ఛార్జింగ్‌తో
- రేపర్లు వేయడానికి ఒక చెత్త సంచి
- మీకు తోడు ఒకరు, లేదా లోపలికి వెళ్ళొచ్చే ఐదు నిమిషాలు చూసుకునే పక్కింటివాళ్ళు

5. ఆ సాయంత్రం, గంట గంటకీ

ఐదు లోపు నడక నేర్చిన పసివాళ్ళు వస్తారు, వెంట తల్లిదండ్రులు. వీళ్ళకి టైమివ్వండి. కుర్చీలోంచి కాస్త వంగి, గిన్నె వాళ్ళ ఎత్తుకు దించి పట్టుకోండి.

ఆరు నుంచి ఏడున్నర దాకా అసలు రద్దీ. ఎలిమెంటరీ స్కూలు పిల్లలు గుంపులుగా వస్తారు. ఇప్పుడు గిన్నె వాళ్ళ ముందు పెట్టకండి, మీరే తీసి ఒక్కొక్కరి సంచిలో వేయండి. "ఒకటి తీసుకో" అని గిన్నె చాపితే ఏది తీసుకోవాలో తేల్చుకోలేక ఒక్కో పిల్లా అరనిమిషం నిలబడుతుంది, వెనక లైను ఫుట్‌పాత్ దాటి రోడ్డు మీదికి వెళ్తుంది. ఎంచుకునే సరదా పోకూడదనుకుంటే రెండు చేతుల్లో రెండు రకాలు పట్టుకుని "ఇదా, అదా?" అని అడగండి. అలా అయితే తొందరగా కదులుతుంది, పిల్ల తనకిష్టమైంది తీసుకున్నానని సంతోషపడుతుంది.

లైను రోడ్డు మీదికి పోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. 1975 నుంచి 2016 దాకా అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలు చూసిన ఒక అధ్యయనం జామా పీడియాట్రిక్స్‌లో 2019లో వచ్చింది. హాలోవీన్ సాయంత్రం పాదచారులు బండి గుద్ది చనిపోయే ప్రమాదం దగ్గరి తేదీల సాయంత్రాలతో పోలిస్తే 43 శాతం ఎక్కువని అందులో తేలింది. అందుకని లైను గోడ పక్కగా నిలబెట్టండి. మీ కారు ఇంటి ముందు ఉంటే ఆ సాయంత్రం దాన్ని కదపకండి.

ఎనిమిది దాటాక పెద్ద పిల్లలు, టీనేజర్లు వస్తారు. కొందరికి కాస్ట్యూమ్ కూడా ఉండదు. ఇవ్వండి. వయసు అడగకండి. పద్నాలుగేళ్ళ కుర్రాడు ఆ రాత్రి చాక్లెట్ అడుక్కుంటూ వీధిలో తిరగడం కంటే మీరు కోరుకునేది ఏముంటుంది చెప్పండి.

క్యాండీ లెక్క తప్పకుండా ఉండాలంటే మొత్తాన్ని ముందే మూడు సంచులుగా విడదీయండి: చీకటి పడేదాకా ఒకటి, రద్దీకి పెద్దది, ఎనిమిది తర్వాతకి చిన్నది. ఒక సంచి అయిపోయే టైమును బట్టి రెండిస్తున్నారా, ఒకటికి దిగాలా అన్నది తెలిసిపోతుంది. చివరి గంటలో ఎక్కువ మిగిలితే అప్పుడు గుప్పెడు గుప్పెడు ఇవ్వండి.

6. పిల్లలతో మాట్లాడటం

"హ్యాపీ హాలోవీన్" చాలు. ఇంగ్లిష్ యాస గురించి బెంగ పెట్టుకునే అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్ళని కూర్చోబెట్టడానికి ఇంతకంటే మంచి సందర్భం లేదు, ఆ రెండు మాటలతో సాయంత్రమంతా గడిచిపోతుంది.

వేషం ఏమిటో ఊహించి చెప్పకండి. తప్పు చెబితే చిన్నపిల్లలు చిన్నబుచ్చుకుంటారు. "నువ్వెవరు?" అని అడిగితే వాళ్ళే గర్వంగా చెబుతారు. ఆడపిల్ల ఏ వేషం వేసిందనీ, మగపిల్లాడు ఏ వేషం వేశాడనీ వ్యాఖ్యానాలు వద్దు.

ట్రిక్ ఆర్ ట్రీట్ అనకపోయినా, థాంక్యూ చెప్పకపోయినా, ముసుగు లేకపోయినా ఇచ్చేయండి. మాటలు రాని పిల్లలుంటారు, ఆటిజం ఉన్నవాళ్ళుంటారు, మొహం మీద ముసుగు భరించలేనివాళ్ళుంటారు. ఎందుకలా అని అడగడం మన పని కాదు.

లోపలికి రమ్మని పిలవకండి. మన అలవాటు కొద్దీ నోటికొచ్చేస్తుంది, కానీ ఇక్కడ తెలియని ఇంట్లోకి వెళ్ళకూడదని పిల్లలకి గట్టిగా నేర్పుతారు, మీ పిలుపు వాళ్ళనీ తల్లిదండ్రులనీ ఇబ్బంది పెడుతుంది. ఫొటో కూడా పెద్దవాళ్ళని అడగకుండా తీయకండి.

7. వీధిలోకి దిగే మెట్లు లేని పెద్ద బిల్డింగులో ఉంటే

లాబీలోనో మెయిల్ రూమ్‌లోనో ఒక కాగితం అంటిస్తారు, క్యాండీ ఇచ్చేవాళ్ళు ఫ్లాట్ నంబరు రాయాలి. కాగితం కనపడకపోతే సూపర్‌ని (బిల్డింగు చూసుకునే మనిషిని) గానీ మేనేజ్‌మెంట్ ఆఫీసుని గానీ అడిగి మీరే పెట్టించండి. పిల్లలు పై అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగుతూ వస్తారు కాబట్టి పై అంతస్తుల వాళ్ళకి ముందే రద్దీ మొదలవుతుంది. తలుపుకి గుమ్మడికాయ బొమ్మ అంటించండి, తలుపు తెరిచే ఉంచి గుమ్మం లోపలే కుర్చీ వేసుకోండి. కారిడార్‌లో టేబుల్ పెడితే మంటలు వచ్చినప్పుడు బయటికి వెళ్ళే దారికి అడ్డం, అందుకని గిన్నె ఒళ్ళో పెట్టుకోవడమే మంచిది.

8. తరచూ జరిగే పొరపాట్లు, వెంటనే ఏం చేయాలి

గిన్నె బయట పెట్టేసి లోపలికి వెళ్ళడం. సిటీలో పది నిమిషాలు కూడా ఆగదు. తప్పనిసరై వెళ్ళాల్సి వస్తే మీ క్యాండీ పక్కింటివాళ్ళకి ఇచ్చి, వాళ్ళనే పంచమనండి. రెండిళ్ళ వాళ్ళూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకా సులువు.

ఏడింటికే అయిపోవడం. బియ్యం డబ్బా పక్కన దాచిన బిస్కెట్లు బయటికి తీయకండి. లైటు ఆర్పండి, గుమ్మడికాయ లైటు ఆర్పండి, "అయిపోయాయి, హ్యాపీ హాలోవీన్" అని ఒక కాగితం అంటించి లోపలికి వెళ్ళండి. స్టిక్కర్లు మిగిలి ఉంటే అవి అయ్యేదాకా కూర్చోవచ్చు.

ఒకే పిల్లాడు మూడోసారి రావడం. నవ్వి ఇచ్చేయండి. గుంపు పెద్దగా ఉంటే "నీకిచ్చానుగా, చెల్లికి కావాలా?" అనండి, చాలు.

గుప్పెడు లాక్కోవడం. గిన్నె మీ ఒళ్ళో ఉంటే ఇది జరగదు.

వాన. గొడుగు కింద కూర్చోవడం కంటే గుమ్మం లోపలికి జరగడం మేలు, అప్పుడు మెట్ల మీద టార్చి వేసి పట్టుకునే మనిషి ఒకరు కావాలి. చలి ఎక్కువున్న చికాగో లాంటి చోట పిల్లలు కాస్ట్యూమ్ మీద కోటు వేసుకుని వస్తారు, వేషం కనపడలేదని అనకండి.

కుక్క చాక్లెట్ తినేయడం. చాక్లెట్, కిస్‌మిస్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చ్యూయింగ్ గమ్ కుక్కలకి విషం. లక్షణాలు కనపడేదాకా ఆగకుండా వెటర్నరీ డాక్టర్‌కి గానీ, ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ పాయిజన్ కంట్రోల్ 888-426-4435 కి గానీ ఫోన్ చేయండి. ఏ రకం, ఎంత తినిందో చెప్పడానికి రేపరు దగ్గర పెట్టుకోండి.

9. లైటు ఆర్పాక

ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద రేపర్లూ పడిపోయిన క్యాండీ ఆ రాత్రే ఏరేయండి. పొద్దున్నే వీధిలో కుక్కల్ని తిప్పుతారు, అవే ముందు తింటాయి.

చెక్కిన గుమ్మడికాయ రెండు రోజుల్లో మెత్తబడుతుంది, ఉడతలు చేరతాయి. లోపలి లైటు తీసి, రంగు వేయని కాయ అయితే కంపోస్ట్ బుట్టలో వేయండి.

సీలు విప్పని సంచులు ఫుడ్ ప్యాంట్రీ (అవసరమైనవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) తీసుకుంటుందేమో అడగండి. విడి చాక్లెట్లు ఆఫీసులో టేబుల్ మీద పెడితే మధ్యాహ్నానికి ఉండవు.

అదే రాత్రి ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి: ఎన్ని కొన్నారు, ఎన్ని మిగిలాయి, మొదటి పిల్ల ఎన్నింటికి వచ్చింది, చివరి గుంపు ఎన్నింటికి వెళ్ళింది, వాన పడిందా, ఏ వారం. వచ్చే అక్టోబరులో మీ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు మిమ్మల్ని అడిగినప్పుడు ఆ అంకెలు చెప్పండి.